మా వీసీ గారి కోసం ఎవరో వెతుకుతున్నారు

మా వైస్ ఛాన్సలర్ ఆచార్య ముక్కామల చిదంబరేశ్వరరావు గారి కోసం ఎవరో వెతుకుతున్నారన్న సంగతి ఒక సోమవారం ఉదయం బయటపడింది. ఆయనేమీ తప్పిపోలేదు. రోజూ పదింటికల్లా వచ్చి తన గదిలో, తన కుర్చీలో, తన ఫొటో కిందే కూర్చుంటారు. అయినా ఎవరో ఇంటర్నెట్‌లో తన కోసం వెతికారని ఆయనకే ఈమెయిల్ వచ్చింది. "ఆచార్యా! ఈ వారం కొందరు మీ గురించి వెతికారు. వాళ్ళెవరో తెలుసుకోవాలని లేదా?" అని అందులో ఉంది. కింద ఒక నీలం మీట.

ఇలాంటి ఉత్తరం ఈమెయిల్ ఉన్న ప్రతివాడికీ వస్తుంది. నాకూ వస్తుంది. మా ఇంటి ఎదుట ఇస్త్రీ బండి పెట్టుకున్న అతనికీ వస్తుంది. మేం దాన్ని చెరిపేసి టీ తాగుతాం. అందుకే మేం వైస్ ఛాన్సలర్లం కాలేకపోయాం.

నేను ఏలేరు విశ్వవిద్యాలయంలో పౌరసంబంధాల అధికారిని. వీసీ గారు తుమ్మితే, ఆ తుమ్ము విద్యారంగంలో ఒక మైలురాయి అని పత్రికలకు రాసి పంపడం నా ఉద్యోగం. ఆ ఉదయం నన్నూ రిజిస్ట్రార్ పరాంకుశం గారినీ పిలిపించారు.

"కామరాజూ, ఎవరై ఉంటారంటావ్?" అన్నారు వీసీ గారు, గొంతు తగ్గించి.

"ఎవరైనా కావచ్చు సార్."

"ఢిల్లీ నుంచా?"

"కావచ్చు సార్."

"ఏదైనా పురస్కారం వ్యవహారమా?"

"కాకూడదని ఏముంది సార్."

పరాంకుశం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళు రాసీ రాసీ ఆయనకు మామూలు తెలుగు పోయింది. ఇంట్లో మంచినీళ్ళు కావాలన్నా "పై దాహమును పురస్కరించుకొని" అంటారని వాళ్ళావిడే ఒకసారి వాపోయింది. "అట్టి అన్వేషణ ఎవరిచే, ఏ ఉద్దేశముతో జరుపబడుచున్నదో నిగ్గు తేల్చవలసియున్నది," అన్నారాయన. "అంతవరకు తమరు గాలింపబడుచున్నవారుగా గాక, కోరబడుచున్నవారుగా పరిగణింపబడగలరు."

వీసీ గారికి ఆ మాట ఎంత నచ్చిందంటే, 'కోరబడుచున్నవారు' అని రెండుసార్లు తనలో తనే అనుకున్నారు.

కంప్యూటర్ విభాగాధిపతి డాక్టర్ ప్రద్యుమ్నని పిలిపించి నీలం మీట నొక్కించారు. చందా కట్టమంది. పరిశోధన సామగ్రి పద్దు కింద కట్టారు. అప్పుడు తెర మీద తేలింది: "మీ కోసం వెతికిన వ్యక్తి మీ సంస్థలోనే చాలా ఉన్నతమైన పదవిలో ఉన్నారు."

వీసీ గారు రిజిస్ట్రార్ వంక చూసిన చూపుకి ఆయన తెలుగు కూడా మామూలైపోయింది. "నేను కాదు సార్, మా పిల్లల మీద ఒట్టు!" అన్నారు.

నిజానికి ఆ ఉన్నతమైన వ్యక్తి వీసీ గారే. రోజూ భోజనం అయ్యాక తమలపాకు నములుతూ తన పేరు తనే కొట్టి చూసుకోవడం ఆయనకు అలవాటు. ప్రద్యుమ్నకి ఇది క్షణంలో అర్థమైంది. కాని అర్థమైన ప్రతిదీ పైకి అనేవాడు విభాగాధిపతి కాలేడు. "డేటా లోతుగా ఉంది సార్," అన్నాడు. "దీన్ని ఛేదించాలంటే ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉండాలి."

అలా 'అన్వేషకాన్వేషణ కేంద్రం' పుట్టింది. వెతికేవాళ్ళని వెతికే కేంద్రం అన్నమాట. దానికి కంప్యూటర్లు, ఏసీ గది, మనుషులు కావాలి. ఆ మూడూ ఒకేచోట ఉన్నది పరీక్షల విభాగంలో, పట్టాలు తయారుచేసే సెక్షన్‌లో. గది, కంప్యూటర్లు, గుమస్తాలతో సహా ఆ సెక్షన్‌ని కేంద్రానికి బదలాయించారు. అప్పటికే రెండు మూడేళ్ళుగా పేరుకుపోయిన పట్టాల కాగితాలు బీరువాల్లోకి వెళ్ళాయి.

"మరి పట్టాల సంగతి ఏంటి సార్?" అని అడిగాను.

"చదువు బుర్రలో ఉంటుందయ్యా, కాగితంలో కాదు," అన్నారు వీసీ గారు. ఆ మాట మరునాడు పత్రికలకు పంపించాను. రెండు పత్రికలు వేశాయి.

కేంద్రం వాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా వీసీ గారి కోసం ఎవరు వెతుకుతున్నారో వెతికారు. దానికి ముందు ఆయన పేరు కొట్టాలి కదా. కొట్టిన ప్రతిసారీ ఒక కొత్త అన్వేషకుడు లెక్కలోకి వచ్చాడు. వాడెవడో వెతకడానికి మళ్ళీ పేరు కొట్టారు. నెల తిరిగేసరికి తెర మీద గీత తాడిచెట్టులా లేచింది. వీసీ గారు సంతోషంతో కేకు కోశారు.

ఆ ఉత్సాహంలో పరాంకుశం గారు ఒక సర్క్యులర్ విడుదల చేశారు. సిబ్బంది యావన్మందీ హాజరు వేలిముద్ర వేయుటకు మునుపు శ్రీయుత వైస్ ఛాన్సలర్ వారి నామమును తమ తమ ఫోనులందు భక్తిశ్రద్ధలతో టైపు చేయవలయుననీ, అక్షరదోషముతో టైపు చేసినవారికి సగము పూట సెలవు కోత విధింపబడుననీ అందులో ఉంది. చిదంబరేశ్వరరావు అనే పేరు ఫోన్‌లో తప్పు లేకుండా కొట్టడం అంత తేలిక కాదు. తోటమాలులు గేటు దగ్గర గుమిగూడి ఒకరికొకరు ఒత్తులు చెప్పుకునేవారు. హాస్టల్ వంటవాళ్ళు 'శ్వ' దగ్గర చిక్కుకుంటే లోపల ఉప్మా మాడిపోయేది. దానికి హాస్టల్ పిల్లలు ధర్నా చేస్తే, వాళ్ళ నినాదాల్లో వీసీ గారి పేరు ఉందని ప్రద్యుమ్న దాన్నీ కేంద్రం నివేదికలో చేర్చాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, 'జాతీయ అన్వేషణీయతా మండలి' అని ఢిల్లీలో ఒకటి వెలిసింది. జనం ఎక్కువగా వెతికే విశ్వవిద్యాలయాలకు ర్యాంకులు ఇస్తామని ప్రకటించింది. షరతు ఒక్కటే. సొంత సిబ్బంది వెతుకులాట లెక్కలోకి రాదు.

ప్రద్యుమ్న కూర్చుని లెక్కలోంచి కేంద్రాన్ని తీసేశాడు, సిబ్బందిని తీసేశాడు, చివరికి చాలా మర్యాదగా వీసీ గారిని కూడా తీసేశాడు.

"ఒకరు మిగిలారు సార్," అన్నాడు.

"ఒక్కరేనా!" వీసీ గారి మొహం వాడిపోయింది.

"ఒక్కరే గాని, అసాధ్యులు సార్. కొన్ని నెలలుగా పొద్దునా సాయంత్రం మీ పేరు కొడుతూనే ఉన్నారు. కడియం నర్సరీల వైపు నుంచి."

వీసీ గారు లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. "నర్సరీలంటే... కొత్త గులాబీ రకం ఏదో పుట్టించి ఉంటారు," అన్నారు మెల్లగా. "దానికి నా పేరు పెట్టాలని అనుమతి కోసం..."

అందరం తలలూపాం. ఆ మనిషి అడ్రసు ప్రద్యుమ్నే పట్టాడు. మా వెబ్‌సైటులోని ఫిర్యాదుల పెట్టెలో ఆ ఫోన్ నుంచి బోలెడన్ని సందేశాలు పడి ఉన్నాయట. వాటిని చదవలేదు గాని, చివరన ఉన్న పేరూ ఊరూ మాత్రం రాసుకున్నాడు. నన్ను శాలువా, పూలదండ ఇచ్చి కారులో పంపించారు.

కడియం దగ్గర ఒక నర్సరీలో, పచ్చటి వల కింద, ఒకమ్మాయి ముక్కాలిపీట మీద కూర్చుని మామిడి అంట్లు కడుతోంది. పాతికేళ్ళుంటాయేమో. చేతులకి మట్టి.

"దూడల లోవకుమారి అంటే మీరేనా అమ్మా?"

"నేనేనండి. మొక్కలకాండి?"

"కాదమ్మా. ఏలేరు యూనివర్సిటీ నుంచి వచ్చాను."

చేతిలో చాకు కింద పెట్టి గబుక్కున లేచింది. మట్టి చేతులు వెనక్కి తుడుచుకుంది. "పట్టా తెచ్చారాండీ?"

"శాలువా తెచ్చానమ్మా," అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే ఎలాగో అనిపించింది. ఆమె శాలువా వంకా, నా వంకా, కారు వంకా చూసింది.

"నేను బోటనీ ఎమ్మెస్సీ పాసయి మూడేళ్ళయిందండి," అంది. "గురుకులం కాలేజీలో లెక్చరరుగా సెలెక్టయ్యానండి. దసరా సెలవులు అయ్యేలోపు ఒరిజినల్ పట్టా చూపించాలన్నారు. లేకపోతే నా తర్వాత ఉన్నోళ్ళకి ఇచ్చేత్తారు. మీ ఆఫీసుకి ఫోన్ చేత్తే ఎత్తరు. వత్తే, ఆ సెక్షనే లేదంటారు. పోనీ పెద్దాయన్నే అడుగుదామని ఆయన ఫోన్ నంబరు కోసం వెతుకుతున్నానండి. ఎక్కడ చూసినా ఆయన ఫొటోలే గాని నంబరు లేదు."

"అదంతా వీసీ గారితోనే చెప్పండమ్మా. మిమ్మల్ని సన్మానానికి పిలుస్తున్నారు."

"నాకెందుకండీ సన్మానం?"

"ఆయన కోసం వెతికినందుకు."

నేను ఎగతాళి చేస్తున్నానేమో అన్నట్టు ఒక నిమిషం చూసింది. తర్వాత చేతులు కడుక్కుని కారెక్కింది.

సభ ఘనంగా జరిగింది. సిబ్బంది అందరూ వచ్చారు. రాకపోతే జీతం కోత. వీసీ గారు స్వయంగా శాలువా కప్పి, మైకు ఆమె ముందు పెట్టి, "చెప్పు తల్లీ, ఇంతమంది మహానుభావులున్న ఈ దేశంలో నన్నే ఎందుకు వెతికావు?" అన్నారు.

"పట్టా కోసమండి," అంది లోవకుమారి. "మూడేళ్ళ నుంచి ఇవ్వట్లేదండి."

పరాంకుశం గారు చప్పట్లు కొట్టారు. ఆయన కొడితే అందరూ కొట్టాలని రూలు. హాలు మారుమోగింది. ఆ హోరులో వీసీ గారు చెయ్యెత్తి, "రేపే! రేపే పట్టా ఇచ్చేస్తాం!" అన్నారు. ఆమె చేతులు జోడించింది. నిజమని నమ్మింది పాపం. నేనూ నమ్మాను.

ఆ సాయంత్రమే మీటింగు పెట్టారు.

"సార్, ఒక్క విషయం," అన్నాడు ప్రద్యుమ్న. "పట్టా ఇచ్చేస్తే ఆమె వెతకడం మానేస్తుంది. అప్పుడు మనకి సున్నా."

వీసీ గారి చేతిలో టీ కప్పు ఆగిపోయింది.

"అంతేకాదు సార్. పట్టా రాని ఒక్కమ్మాయే ఇంతగా వెతికితే, అందరి పట్టాలూ ఇలాగే ఆపి ఉంచితే ఎంతమంది వెతుకుతారు? వెబ్‌సైటులోంచి ఆఫీసుల ఫోన్ నంబర్లు కూడా తీసేద్దాం. దిక్కులేక మీ పేరే కొడతారు."

"అంటే మన బీరువాల్లో ఇంత కీర్తి మూలుగుతోందన్నమాట!" అన్నారు వీసీ గారు.

పరాంకుశం గారు అప్పటికే చిత్తు రాసేస్తున్నారు. "అరుదైన ప్రాణులను వలె అన్వేషకులను సంరక్షించుట సంస్థ బాధ్యతయైయున్నది. కావున అన్వేషకుల మనుగడకు భంగము కలిగించు పట్టా ప్రదానమును ఇందుమూలముగా నిలుపుదల చేయడమైనది."

"సార్, ఆ అమ్మాయి ఉద్యోగం పోతుంది," అన్నాను.

"పోతే మరీ మంచిది కామరాజు గారూ," అన్నాడు ప్రద్యుమ్న. "పూర్తి సమయం వెతుకుతుంది."

నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

ఆ పథకం బ్రహ్మాండంగా పనిచేసింది. ఉద్యోగాలు వచ్చినవాళ్ళు, పై చదువులకి సీట్లు వచ్చినవాళ్ళు, పెళ్ళిచూపుల్లో పట్టా చూపించాల్సి వచ్చినవాళ్ళు, అందరూ మా వీసీ గారి పేరు కొట్టడం మొదలుపెట్టారు. కొందరు పేరుకి ముందు కొన్ని విశేషణాలు చేర్చి కొట్టారు. అవి ఇక్కడ రాయడం బాగుండదు. విశేషణాలున్నా లెక్కలో పడతాయని ప్రద్యుమ్న ధైర్యం చెప్పాడు. గీత ఈసారి నిజంగానే లేచింది. మండలి వాళ్ళు పరిశీలనకి వస్తామని కబురు పెట్టారు.

వాళ్ళు రావడానికి కొద్దిరోజుల ముందు లోవకుమారి మళ్ళీ వచ్చింది. ఆరోజు దాకా ఎన్నిసార్లు వచ్చిందో గాని, ఈసారి తిన్నగా నా గదికే వచ్చింది.

"నిజం చెప్పండి కామరాజు గారూ. దసరా గడువు ఇంకో రెండు వారాలే ఉందండి. నాది ఎందుకు ఇవ్వట్లేదు? నేనేం తప్పు చేశాను?"

చెప్పేశాను. గీత సంగతి, మీటింగు సంగతి, సంరక్షణ సంగతి. చెబుతుంటే ఆమె మొహం ఎర్రబడుతుందనుకున్నాను. ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఉండగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మేం అంటు కట్టాక పట్టీ చుడతామండి," అంది కళ్ళు తుడుచుకుని. "అతుక్కున్నాక కూడా పట్టీ విప్పకపోతే నొక్కుకుపోయి కొమ్మ చచ్చిపోద్ది. ఆ మాత్రం మా మేస్త్రీకీ తెలుసు, మాకూ తెలుసు. మీ పెద్దోళ్ళకి తెలీదా? సరే, మేం వెతకడం మానేత్తే?"

"మీ ఒక్కరూ మానేస్తే ఏమవుతుందమ్మా? ఇప్పుడు వేలమంది వెతుకుతున్నారు."

"ఆ వేలమందిమీ ఒకే గ్రూపులో ఉన్నామండి. మీ వాళ్ళు నంబర్లు తీసేసిన రోజునే పెట్టుకున్నాం." కుర్చీలోంచి లేచింది. "ఢిల్లీ వాళ్ళు ఎప్పుడొత్తారన్నారు?"

గురువారం అని చెప్పాను. రహస్యమేమీ కాదు, పత్రికలకి నేనే పంపించాను.

గురువారం మండలి బృందం వచ్చింది. అధ్యక్షుడు తెల్లజుట్టు ఆయన. ఎవరేం మాట్లాడినా కళ్ళు మూసుకుని వింటాడు. కేంద్రంలో గోడంత తెర పెట్టారు. వీసీ గారు కొత్త సూటు వేసుకున్నారు. "అన్వేషణా ప్రవాహాన్ని ప్రత్యక్షంగా వీక్షించండి," అంటూ ప్రద్యుమ్న మీట నొక్కాడు.

గీత నేల మీద పడుకుని ఉంది.

ప్రద్యుమ్న వైరు పీకి మళ్ళీ పెట్టాడు. పడుకున్న గీత లేవలేదు. సిబ్బందిని తీసేస్తే ఆ ఉదయం నుంచి మా వీసీ గారి పేరు ఈ భూమ్మీద ఒక్కడు కూడా కొట్టలేదు.

"ఈ సున్నా ఏమిటి?" అన్నాడు అధ్యక్షుడు కళ్ళు తెరిచి.

"సున్నా అనునది భారతీయుల ఆవిష్కరణమైయున్నది," అన్నారు పరాంకుశం గారు.

అప్పుడే కిటికీలోంచి హోరు వినబడింది. అందరం వెళ్ళి చూశాం. గేటు బయట రోడ్డు పొడుగునా జనం. నినాదాలు లేవు, జెండాలు లేవు. పిల్లల్ని చంకనెత్తుకున్న ఆడవాళ్ళు, ఉద్యోగాలకి సెలవు పెట్టి వచ్చిన మగవాళ్ళు, ఎండలో ఊరికే నిలబడి ఉన్నారు.

"ఎవరు వీళ్ళంతా?"

వీసీ గారు నా వంక చూశారు. జవాబు చెప్పడం నా ఉద్యోగం కనుక చెప్పాను. "వీసీ గారి కోసం వెతుకుతున్నవాళ్ళు సార్. ఫోన్‌లో దొరకలేదని స్వయంగా వచ్చారు."

అధ్యక్షుడు చూస్తుండగా గేటు మూయించలేరు. వీసీ గారు కిందికి దిగారు. లోవకుమారి ముందుకొచ్చింది.

"పట్టాలు ఇవ్వండి సార్. ఇచ్చేత్తే వెళ్ళిపోతాం."

"తప్పకుండా తల్లీ. ముందు నీదే ఇస్తాను," అన్నారు వీసీ గారు.

"నాది చివర్న ఇవ్వండి," అంది. "నాది ముందిచ్చేత్తే, మిగతావోళ్ళని రేపు రమ్మంటారు."

పోర్టికోలో బల్ల వేశారు. కేంద్రంలోని గుమస్తాలు ఎగురుకుంటూ వచ్చి తమ పాత పనిలో కూర్చున్నారు. బీరువాలు తెరిచారు. పేరు రాయడం, ముద్ర కొట్టడం, వీసీ గారి సంతకం. మూడేళ్ళుగా కదలని పని గోదారి వరదలా సాగింది. ఒకాయన పట్టా అందుకుని అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

సగం మందికి అందేసరికి అధ్యక్షుడు కళ్ళు మూసుకుని ప్రసంగం అందుకున్నాడు. "అద్భుతం! ఇంటర్నెట్‌లో వెతకడం ఎక్కడైనా ఉంది. మనుషులే ఊళ్ళు దాటి, ఎండల్లో నిలబడి ఒక విద్యావేత్తను వెతకడం మేం ఏ రాష్ట్రంలోనూ చూడలేదు. ప్రత్యక్ష అన్వేషణ విభాగంలో మీకు ప్రథమ స్థానం సిఫారసు చేస్తున్నాను. వచ్చే ఏడాది కూడా ఇంతమంది ఉంటారు కదా?"

వీసీ గారి కలం గాల్లో ఆగింది. రిజిస్ట్రార్ వంక చూశారు. పరాంకుశం గారు ముందుకొచ్చి గొంతు సవరించుకున్నారు. "సమయాభావము వలన మిగిలినవారు రేపును, ఎల్లుండియు, అవసరమైనచో ఆపై దినములందును హాజరు కావలసియున్నది."

వీసీ గారు కలానికి మూత పెట్టి కారెక్కారు.

లోవకుమారి వెళ్ళి కారు ముందు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. పట్టా అందినవాళ్ళు అప్పటికే బస్సుల కోసం గేటు దాటుతున్నారు. ఇది చూసి ఒక్కొక్కరే వెనక్కి తిరిగారు. వచ్చి ఆమె పక్కన, వెనక, కారు చుట్టూ కూర్చున్నారు. డ్రైవర్ హారన్ కొట్టబోయి, కొట్టకుండానే దిగి వాళ్ళ పక్కన నిలబడ్డాడు. తన చెల్లెలి పట్టా కూడా బీరువాలోనే ఉందట.

లోపల సూటు, బయట ఎండ. పావుగంటకి కారు తలుపు తెరుచుకుంది.

పొద్దు వాలేదాకా సంతకాలు సాగాయి. వీసీ గారి పేరు పొడుగు కదా, పన్నెండు అక్షరాల సంతకం చివరికి ఒట్టి గీతగా మిగిలింది. గుమస్తాలు బీరువా అడుగున ఉన్న ఆఖరి కాగితం తీశారు. దూడల లోవకుమారి, ఎమ్మెస్సీ బోటనీ. వీసీ గారు దాని మీద సంతకం చేసి, వెంటనే ఇవ్వకుండా రెండు చేతులా పట్టుకున్నారు. ఆ సమయంలో ఆయన మొహంలో అధికారం లేదు.

"అమ్మా, ఇకమీదట కూడా అప్పుడప్పుడూ... వీలున్నప్పుడు... నా పేరు కొట్టి చూస్తుంటావు కదూ?"

ఆమె పట్టా అందుకుంది. తన పేరులో అక్షరాలన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో వేలు పెట్టి చదువుకుంది. ముద్ర చూసింది, తేదీ చూసింది. తర్వాత తలెత్తి, కోపం లేకుండా, తెలియని విషయం అడుగుతున్నట్టుగా అంది:

"ఇంక మీతో పనేముందండీ?"

గేటు దగ్గర కడియం బస్సు ఆగి ఉంది. వెళ్ళి ఎక్కేసింది.